మూత వేయడమంటే మాట ఇవ్వడమే

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు ఏండ్లు నిండిన పాఠశాలలో ఉత్సవ సభ అంటే గతాన్ని తలచుకోవడం పరిపాటి. ఆ పని నాకంటె చక్కగా చేయగల పెద్దలు ఈ వేదికపై ఉన్నారు. విజ్ఞాన సభలో మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు గనుక, మనం రాబోయే తరాలకు వదలిపోతున్న ఒక వస్తువును గురించి ముచ్చటించదలచాను. అది అణు విద్యుత్తు ఉత్పత్తిలో మిగిలే వ్యర్థం. దానిని ఉక్కు పాత్రలో పోసి మూత బిగించాలి. ఆ మూతను బిగించే పనిముట్లే నేటి నా ప్రసంగ విషయం. మన మాతృభాషలో ఇటువంటి విషయాలు చెప్పడం సాధ్యం కాదనే అపోహ కొందరికి ఉన్నది. ఆ అపోహ తొలగడానికి కూడా ఇది ఒక అవకాశమని భావిస్తున్నాను.

"ఇంత పెద్ద సభలో మూతల మాటా!" అని తల్లులు కొందరు నవ్వుకొంటూ ఉండవచ్చు. నిజానికి మూత విలువ తెలిసినవారు తల్లులే. ఆవకాయ జాడీకి వాసెన కట్టడం ఎంత శ్రద్ధతో చేసే పని! ఎండలో ఆరిన జాడీ, తడి లేని చేయి, ఉతికి ఆరవేసిన గుడ్డ, బిగువైన ముడి, ఈ నాలుగింటిలో ఏది లోపించినా కొన్నాళ్లకు బూజు వచ్చి సాక్ష్యం చెబుతుంది. మా ఉపాధ్యాయులకు తెలిసిన మూత మరొకటి ఉన్నది. అది ప్రశ్నపత్రాల కట్టమీది లక్క ముద్ర. ఎవరైనా ముందుగా విప్పితే ఆ సంగతి దాగకుండా చూడడమే దాని పని. జాడీ వాసెన ఏడాది నిలిస్తే చాలు. లక్క ముద్ర పరీక్ష దినం దాకా నిలిస్తే చాలు. అణు వ్యర్థపు పాత్ర మూత ఎంతకాలం నిలవాలి?

ఇక్కడ పదవ తరగతి పిల్లలకు తెలిసిన అర్ధాయువును గుర్తు చేసుకొందాం. రేడియోధార్మిక పదార్థంలో సగం నశించడానికి పట్టే కాలమే అర్ధాయువు. వ్యర్థంలో ప్రధానమైన సీజియం 137 అర్ధాయువు సుమారు 30 ఏండ్లు. స్ట్రాన్షియం 90 అర్ధాయువు కూడా దాదాపు అంతే. పది అర్ధాయువులు గడిస్తే, అనగా 300 ఏండ్లకు, అది మొదటి మోతాదులో వెయ్యవ వంతుకు దిగుతుంది. అంతటితో కథ ముగియదు. అదే వ్యర్థంలో కొద్దిపాటిగా ఉండే అమెరిషియం 241 అర్ధాయువు 432 ఏండ్లు. నెప్ట్యూనియం 237 అర్ధాయువు 20 లక్షల ఏండ్లకు పైమాటే. మన పాఠశాల వయస్సు 75. ఇటువంటి పాఠశాలలు నాలుగు, ఒకదాని తరువాత ఒకటి, తమ తమ ప్లాటినం జూబిలీలు జరుపుకొంటే గాని సీజియం ఒక్కటి శాంతించదు.

అణు ఇంధనానికి పుట్టుకలో ఒక మూత, అవసానంలో ఒక మూత ఉన్నవి. పుట్టుకలోని మూత పడేది మన తెలుగునేలమీదనే. 1971లో హైదరాబాదులో నెలకొన్న అణు ఇంధన సముదాయం, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, యురేనియం ఆక్సైడు గుళికలను జిర్కోనియం మిశ్రమలోహపు సన్నని గొట్టాలలో నింపుతుంది. గొట్టం రెండు చివరలా చిన్న బిరడాలు పెట్టి, గట్టిగా అదిమి, క్షణంలో స్వల్ప భాగంపాటు తీవ్రమైన విద్యుత్తు ప్రవహింపజేస్తారు. ఆ తాకిడిచోట పుట్టిన వేడికి బిరడా, గొట్టం ఒకటైపోతాయి. పిమ్మట హీలియం వాయువుతో పరీక్ష. హీలియం పరమాణువు అతి సూక్ష్మం గనుక, కంటికి కనిపించని రంధ్రమున్నా అది బయటికి వచ్చి పట్టిస్తుంది.

మన కర్ణాటకలోని కైగా కేంద్రంలో ఒక్కొక్కటి 220 మెగావాట్ల రియాక్టర్లు నాలుగు ఉన్నవి. అటువంటి రియాక్టరు ఒక్కదానిలో 306 మార్గాలు, మార్గానికి 12 చొప్పున ఇంధన కట్టలు, కట్టకు 19 కడ్డీలు. కడ్డీకి రెండు బిరడాల చొప్పున పిల్లలు లెక్కకట్టి చూడవచ్చు. మొత్తం 1,39,536 అతుకులు! హైదరాబాదులో వేసిన ఆ అతుకుల నమ్మకంమీద ఉత్తర కన్నడ జిల్లా అడవుల నడుమ విద్యుత్తు పుడుతున్నది. 1953లో మన జిల్లా మైసూరులో కలిసినప్పుడు గీచిన గీత పటంమీద ఉన్నది గాని, ఇటువంటి పనికి అడ్డురాలేదు.

పుట్టుకలోని మూతకూ అవసానంలోని మూతకూ గొప్ప భేదమున్నది. కొత్త యురేనియం కట్ట దగ్గర కార్మికుడు తగు జాగ్రత్తలతో నిలబడి పనిచేయవచ్చు. రియాక్టరులో మండి వచ్చిన అదే కట్ట సమీపానికి ఏ మనిషీ పోరాదు. దానిని కొన్నేండ్లు నీటి కొలనులో చల్లార్చి, నత్రికామ్లంలో కరిగించి, పనికివచ్చే యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ వేరు చేస్తారు. మిగిలిన ద్రవమే అత్యంత తీవ్రమైన వ్యర్థం. దానిని బోరోసిలికేట్ గాజు ముడి పదార్థాలతో కలిపి సుమారు 1,000 డిగ్రీల వేడిలో కరిగించి, ఆ గాజును తుప్పుపట్టని ఉక్కు పాత్రలలో పోస్తారు. మన దేశంలో ఈ పని తారాపూర్‌లో మొదలై, తరువాత ట్రాంబే, కల్పాక్కంలకు విస్తరించింది. ద్రవం ఒలుకుతుంది, గాజు ఒలకదు. వ్యర్థం గాజు పైపూతగా ఉండదు. పాకంలో చక్కెరవలె గాజులోనే లీనమై ఉంటుంది. కనుక మూత అనేది రెండవ కాపలా. మొదటి కాపలా గాజే.

ఇక ఆ పాత్రకు మూత వేసేదెవరు? చేయి పోలేని చోట మూత వేయడమంటే ఏమిటో మన ప్రాంతంవారికి 2024 ఆగస్టులో అనుభవమైంది. ఆ నెల 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టలో 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయింది. ఉరకలు వేస్తున్న నీటిలోనికి మనిషి దిగలేడు. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో, ఇనుప పలకలను పైనుండి ఒక్కొక్కటిగా దించి, వారం రోజులలో ఆ నోరు మూశారు. రైతులు ఊపిరి పీల్చుకొన్నారు. నీటి వేగం కన్నులకు కనబడుతుంది, చెవులకు వినబడుతుంది. రేడియోధార్మికతకు రూపం లేదు, చప్పుడు లేదు, వాసన లేదు. మూత వేసే పని అంత కష్టం కావడానికి ఇదొక కారణం.

ఈ పని జరిగే గదిని హాట్ సెల్ అంటారు. దాని గోడలు మీటరుకు పైగా మందమున్న కాంక్రీటు. సీసం కలిపిన దళసరి గాజు కిటికీ గుండా మాత్రమే లోపల జరిగేది చూడగలం. బయట నిలిచిన మనిషి ఒక జత పిడులు పట్టుకొని కదిలిస్తే, లోపల ఒక జత యాంత్రిక హస్తాలు అట్లే కదులుతాయి. ఇటువంటి హస్తాలను 1940ల చివర అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ బృందం తొలిసారి రూపొందించింది. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనకు ఈ సూత్రం కొత్తది కాదు. ఆడించేవాడు తెర వెనుక, ఆడేది తెరమీద.

లోపల పాత్రమీద మూత కూర్చున్న పిదప అతికే యంత్రం వస్తుంది. ఉక్కు పాత్రలకు సాధారణంగా వాడేది టిగ్ వెల్డింగ్. టంగ్‌స్టన్ మొనకూ పాత్ర అంచుకూ నడుమ విద్యుత్ చాపం వెలుగుతుంది. చుట్టూ ఆర్గాన్ వాయువు కప్పి గాలి సోకకుండా కాపాడుతుంది. అంచు కరిగి మూతతో ఏకమవుతుంది. వలయం పూర్తయినచోట ఆరంభాన్ని దాటి మరికొంత దూరం అతికి, విద్యుత్తును క్రమక్రమంగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే చివర చిన్న గుంత, అందులో సూదిమొనంత రంధ్రం మిగలవచ్చు. పని చెడేది తరచు చివరి క్షణంలోనే!

వీధిలోని వెల్డింగ్ దుకాణంలో పనిముట్టు చెడిపోతే మేస్త్రీ దానిని విప్పి బాగుచేసుకొంటాడు. హాట్ సెల్‌లో ఆ సౌకర్యం లేదు. లోపల కొంతకాలం ఉన్న పనిముట్టు తానే వ్యర్థంలో భాగమైపోతుంది. అందుచేత ఆ యంత్రాన్ని రూపొందించే ఇంజనీరు మొట్టమొదట వేసుకొనే ప్రశ్న, "ఇది ఎట్లా పనిచేస్తుంది?" అని కాదు, "ఇది చెడితే ఎట్లా మార్చగలం?" అని. రేడియోధార్మికతకు రబ్బరు పెళుసుబారుతుంది, కందెన నూనె చిక్కబడుతుంది, ఎలక్ట్రానిక్ పరికరాలు దెబ్బతింటాయి. కాబట్టి సున్నితమైన భాగాలను వీలైనంతవరకు గోడకు ఇవతలనే ఉంచుతారు. లోపలి భాగాలకు యాంత్రిక హస్తం పట్టుకొనేందుకు పెద్ద తలలున్న మరలు, విప్పినా కింద పడిపోని మరలు, దారి చూపే మేకులు అమరుస్తారు. అసలు పాత్రను ముట్టుకొనేముందు, వెలుపల నమూనా పాత్రలమీద పదే పదే అతికి, ఆ అతుకులను కోసి, లోపల పరిశీలించి, సరియైన కొలతలు నిర్ణయిస్తారు. తారాపూర్‌లో అట్లా మూసిన పాత్రలను మూడేసి చొప్పున మరొక పెద్ద పాత్రలో ఉంచి, దానికీ మూత అతికి, సహజంగా వీచే గాలితో చల్లబడే భూగర్భ కొట్టాలలో భద్రపరుస్తారు.

గాజుగా మార్చకుండా, వాడిన ఇంధనాన్నే నేరుగా భూమిలో దాచదలచిన దేశాలూ ఉన్నవి. స్వీడన్, ఫిన్లండ్ దేశాలు ఎన్నుకొన్నది రాగి పాత్ర. లోపల పోత ఇనుము, వెలుపల 5 సెంటీమీటర్ల మందమున్న రాగి, ఎత్తు సుమారు 5 మీటర్లు, అడ్డుకొలత ఒక మీటరుకు కొంచెం పైన. రాగి వేడిని ఎంత వేగంగా లాగివేస్తుందో రాగి చెంబులో నీళ్లు కాచినవారికి తెలియనిది కాదు. మందపాటి రాగిని మామూలు పద్ధతిలో కరిగించి అతకడం కష్టం. 1991లో ఇంగ్లండులోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ కనిపెట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్, అనగా ఘర్షణతో కలిపి అతికే పద్ధతి, ఇక్కడ అక్కరకు వచ్చింది. వేగంగా తిరిగే పనిముట్టును అతుకుచోట దింపి నడిపిస్తే, రాపిడి వేడికి రాగి కరగకుండానే మెత్తబడి, రెండు అంచులూ కలిసిపోతాయి. తల్లి జొన్నపిండిని అరచేతితో ఒత్తి మర్దించి ఏకం చేసినట్లే. రాగి కరిగేది 1,085 డిగ్రీలవద్ద. పని జరిగేది అంతకు తక్కువలో. ఆ వేడిలో వంగక అరగక నిలిచేందుకు పనిముట్టు ములుకును నికెల్ మిశ్రమలోహంతో, దాని భుజాన్ని టంగ్‌స్టన్ మిశ్రమంతో చేశారు. పని ముగిసి ములుకును పైకి తీసినచోట గుంత మిగులుతుంది. అందుకని చివర ములుకును అతుకు గీతనుండి పైకి తప్పించి, పిమ్మట చెక్కివేయబోయే భాగంలోనికి తీసుకొనిపోయి అక్కడ తీస్తారు. స్వీడన్‌లోని ఆస్కార్షామ్న్ ప్రయోగశాల ఈ పద్ధతిని ఏండ్ల తరబడి సాధన చేసింది. ఫిన్లండులో ఓంకాలో అనే భూగర్భ నిలయం, 400 మీటర్లకు పైగా లోతులో, 2024లో నమూనా పాత్రలతో పరీక్షలు ప్రారంభించింది. అతుకు వేసిన తరువాత అతిధ్వనులతోను, ఎక్స్ కిరణాలతోను పరిశీలించడం ఈ విధానంలో భాగం. తృప్తి కలగని పాత్ర భూమిలోనికి దిగదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి, తప్పిన సందర్భాలు చెప్పకపోతే ఉపాధ్యాయ ధర్మం కాదు. అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో వ్యర్థ ద్రవాన్ని భూమిలోని తొట్లలో నిలువచేశారు. మొత్తం 177 తొట్లలో ఒంటి గోడవి 149. వాటిలో 67 కారి ఉంటాయని అక్కడి ప్రభుత్వమే లెక్కకట్టింది. తాత్కాలికమని తలచినది శాశ్వతమైపోవడం అక్కడ మనకు పాఠం. రెండవది 2014 ఫిబ్రవరి 14న న్యూ మెక్సికోలో జరిగింది. సుమారు 655 మీటర్ల లోతున ఉప్పు పొరలలో దాచిన పీపాలలో ఒకదాని మూత ఎగిరిపోయింది. లాస్ అలమోస్‌లో ఆ పీపా నింపినప్పుడు, నైట్రేటు లవణాలున్న వ్యర్థంలో తేమ పీల్చేందుకు ఖనిజ పదార్థానికి బదులు గోధుమతో చేసిన పదార్థం కలిపారు. అది లవణాలతో చర్య జరిపి వేడెక్కింది. ఇరవై మందికి పైగా ఉద్యోగులకు స్వల్పంగా రేడియోధార్మికత సోకింది. ఆ నిలయం 2017 జనవరి దాకా తిరిగి తెరుచుకోలేదు. అక్కడ మూత దోషం లేదు. లోపల ఏమి వేస్తున్నామో పట్టించుకోని నిర్లక్ష్యాన్ని ఎంత గట్టి మూతా దాచలేకపోయింది.

మనకు సమీపంలోని కోలారు సంగతి కూడా తెలుసుకోదగినది. 1980లలో అక్కడి బంగారు గనుల ఉపయోగించని భాగంలో, 1,000 మీటర్ల లోతున, మన శాస్త్రజ్ఞులు విద్యుత్ హీటర్లతో రాతిని వేడిచేసి, వ్యర్థపు వేడికి శిల ఎట్లా ప్రవర్తిస్తుందో పరిశీలించారు. అది ప్రయోగమే. అక్కడ వ్యర్థాన్ని పాతలేదు. 2001లో గనులు మూతపడ్డాయి. 2012లో అక్కడ అణు వ్యర్థం పాతిపెడతారన్న వార్త పొక్కగానే, తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు కలిసి బ్రదుకుతున్న ఆ పట్టణం ఆందోళనతో అట్టుడికింది. అటువంటి యోచన లేదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. లోతైన శాశ్వత నిలయం మన దేశంలో నేటికీ లేదు. ప్రజలకు ముందుగా, వారికి అర్థమయ్యే భాషలో చెప్పని విషయం భయంగా మారుతుందని కోలారు నేర్పింది. అణు విద్యుత్తు కావాలా వద్దా అనే అంశంమీద ఈ సభలోనే భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. వద్దన్నవారికైనా, కావాలన్నవారికైనా, ఇప్పటికే పుట్టిన వ్యర్థానికి మూత వేయక తప్పదు.

వేల ఏండ్లు నిలిచే మూత సాధ్యమా అని మీరు అడగవచ్చు. బళ్లారినుండి హొసపేటె వెళ్లే దారిలో కుడుతిని దగ్గర బూడిద దిబ్బ ఉన్నది. మనలో ఎందరో దాని పక్కగా వెళ్లినవారే. సుమారు 4,000 ఏండ్ల క్రితం ఇక్కడ పశువులను కాచిన నవీన శిలాయుగపు జనులు పేడ కుప్పలను కాల్చగా ఏర్పడిన దిబ్బ అది. మంట తీవ్రతకు ఆ బూడిద కొన్నిచోట్ల కరిగి గాజువలె గట్టిపడింది. వ్యర్థాన్ని నిప్పుతో గాజుగా మార్చిన తొలి జనులు మన జిల్లావారే అంటే చమత్కారంగా ఉంటుంది గాని, ఆ గాజు నేటికీ చెదరలేదన్నది వాస్తవం. చెదిరిపోయింది జ్ఞాపకం. అది రాక్షసుల చితాభస్మమని కొందరు, అగ్నిపర్వతపు బూడిద అని కొందరు చెప్పుకొంటూ వచ్చారు. సిరుగుప్ప తాలూకాలోని నిట్టూరు, ఉడేగోళం శాసనాలు కూడా ఇదే చెబుతాయి. అశోకుడు రాతిమీద చెక్కించిన అక్షరాలు రెండు వేల ఏండ్లకు పైగా నిలిచాయి. ఆ లిపిని చదవడం మాత్రం లోకం మరచిపోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని ఛేదించేదాకా అటువంటి శాసనాలు మూగరాళ్లే. వస్తువు నిలిచినంతకాలం దాని అర్థం నిలవదు. అర్థాన్ని తరంనుండి తరానికి అందించేది పాఠశాల.

అందుచేత మూత వేయడంలో నాలుగు బాధ్యతలు ఇమిడి ఉన్నవని చెబుతాను. లోపల ఏమున్నదో నిజాయితీగా తెలుసుకోవాలి. శ్రద్ధగా మూయాలి. మూసినదానిని పరీక్షించాలి. మూసిన సంగతి రాబోయేవారికి తెలియజెప్పాలి. వీటిలో మొదటి మూడింటికి యంత్రాలు తోడ్పడతాయి. అయినా అతుకును పరిశీలించి "ఇది సరిగా లేదు, మళ్లీ చేద్దాం" అని పలకవలసింది మనిషి నోరే. ఆలస్యమవుతుందని తెలిసీ, పై అధికారికి కోపం వస్తుందని తెలిసీ ఆ మాట పలికేవాడే నిజమైన కాపలాదారు. ఆ గుణం ఏ శిక్షణ కేంద్రంలోనూ హఠాత్తుగా అలవడదు. లెక్క తప్పితే దిద్దుకొని మళ్లీ చేసే అలవాటుగా ఇక్కడనే, ఈ బల్లలమీదనే మొదలు కావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. "మావాడు ఐ.టి.ఐ.లో వెల్డింగ్ చేరాడమ్మా" అని చెప్పేటప్పుడు కొందరు తల వంచుకొంటున్నారు. తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో పనిచేసే మన పూర్వ విద్యార్థులు కొందరు ఈ సభకు రావడానికి సంకోచించారని విన్నాను. ఇంతసేపు నేను చెప్పినదంతా ఎవరి కథ? గణితం తెలిసిన ఇంజనీరు ఎంత అవసరమో, చాపం ఎప్పుడు ఆపాలో చేతికి తెలిసిన పనివాడూ అంతే అవసరం. ఆ ఇద్దరిలో ఎవరు లేకపోయినా మూత పడదు. మన పాఠశాల గౌరవ ఫలకంమీద ఇప్పటిదాకా వైద్యుల, ఇంజనీర్ల, అధికారుల పేర్లు వ్రాశాం. ఈ ఉత్సవ సంవత్సరంనుండి మంచి పనివాళ్లుగా పేరు తెచ్చుకొన్న మన బాలబాలికల పేర్లు కూడా అదే ఫలకంమీద, అదే వరుసలో, అదే పరిమాణపు అక్షరాలతో వ్రాయించాలని యాజమాన్యాన్ని ఈ సభాముఖంగా కోరుతున్నాను. పూర్వ విద్యార్థులారా, మీ పనిముట్లతో ఒకనాడు తరగతి గదికి రండి. మీకు తెలిసినది మన భాషలో మన పిల్లలకు చెప్పండి.

బాలబాలికలారా! మీరు చేసే పనిలో చాలా భాగం ఎవరి కంటికీ కనబడదు. గోడ లోపలి అతుకు, పునాదిలోని రాయి, పాత్రమీది మూత, అన్నీ అంతే. దానిని నమ్ముకొని బ్రదికేవారు మీ పేరు ఎరుగరు, మీరు వారి ముఖం చూడరు. అయినా వారికి మీరు మాట ఇచ్చినట్లే. ఆ మాట నిలబెట్టుకొనేవారుగా మీరు ఎదగాలని ఆశీర్వదిస్తున్నాను.